‘క్విక్’ అంటే త్వరగా అని కాదు



మన యౌవనస్థులు కొందరు ఇప్పుడు ఇంగ్లీషు బైబిలు కూడా పక్కన పెట్టుకొని చదువుతున్నారు. మంచిదే. అయితే 1611 నాటి కింగ్ జేమ్స్ తర్జుమాలో, హెబ్రీ 4:12 దగ్గర, దేవుని వాక్యము ‘క్విక్’ అని ఉంటుంది. అది పట్టుకొని, వాక్యము చదివిన వెంటనే కార్యము జరిగిపోతుందని చెప్పేవారున్నారు. బిడ్డ జ్వరము రేపటికి తగ్గకపోతే, నా విశ్వాసము చాలలేదేమో అని కుమిలిపోయే తల్లులూ ఉన్నారు.

ఆ రోజుల్లో క్విక్ అంటే బ్రతికి ఉన్నది అని అర్థము. అందుకే పాత ఇంగ్లీషు విశ్వాస ప్రమాణములో సజీవులను ‘క్విక్’ అన్నారు. మన ‘జీవ’, లాటిను ‘వీవుస్’, ఈ క్విక్, మూడూ ఒకే ప్రాచీన మూలము నుండి వచ్చాయి. చూస్తే పోలికే కనబడదు! బ్రతికి ఉన్నది కదులుతుంది, కదిలేది చురుకుగా ఉంటుంది. అలా ‘త్వరగా’ అనే అర్థము తరువాత పుట్టి, పాతదానిని మింగేసింది. 1881లో ఇంగ్లీషు తర్జుమాను సవరించినవారు ఆ చోట ‘లివింగ్’ అని మార్చారు. తెలుగులో ‘సజీవమై’ అని ఉంది గనుక మనకు ఈ చిక్కు లేదు.

పాత అర్థము కొన్ని మాటల్లో దాగి ఉంది. పాదరసము క్విక్‌సిల్వర్, అంటే ప్రాణమున్న వెండి. గోరు కింది మెత్తని కండ క్విక్. మొక్కలు నాటి పెంచిన కంచె క్విక్‌సెట్. ‘క్విచ్’ అనే గడ్డి ఒకటుంది, మన గరికలాగే ఎంత పీకినా చావదు. రైతులకు ఇంకా చెప్పాలా?

ఇంగ్లండు న్యాయస్థానాల్లో ఈ మాట మీద ప్రాణాలే ఆధారపడ్డాయి. మరణశిక్ష పడిన స్త్రీ తాను గర్భవతినని చెబితే, కొందరు స్త్రీలను జ్యూరీగా పిలిచి పరీక్ష చేయించేవారు. కడుపులో బిడ్డ ‘క్విక్’ అని, అంటే కదలిక తెలిసిందని, వారు చెబితే ప్రసవమయ్యేవరకు ఉరి ఆగేది. కదలిక తెలియని తొలి నెలల గర్భము లెక్కలోకి రాదు. ఆ పద్ధతి తీసివేసి, గర్భవతికి మరణశిక్షే విధించకూడదని చట్టము చేసింది 1931లో.

కింగ్ జేమ్స్ బైబిలులో 119వ కీర్తన చదివేవారు ‘క్విక్కెన్’ అనే మాట దగ్గర ఆగండి. చాలాసార్లు వస్తుంది. 25వ వచనములో మంటిలో పడియున్న మనిషి తొందరగా చేయమని అడగడము లేదు, బ్రదికించమని అడుగుతున్నాడు.