మౌన ప్రార్థన బృందాలు

విచారణ (ప్యారిష్)లోని కొద్దిమంది సామాన్య విశ్వాసులు వారానికోసారి కూడి, మాటలు లేకుండా ప్రార్థన చేసుకునే చిన్న సమూహాలను మౌన ప్రార్థన బృందాలంటారు. కథోలిక విచారణల్లోనే కాక ఆంగ్లికన్ సంఘాల్లోనూ ఇవి ఉన్నాయి. ఇప్పుడున్న రూపంలో ఇవి 1970లలో అమెరికా, ఇంగ్లండు మఠాల నుంచి బయటికొచ్చాయి. పద్ధతి మాత్రం చాలా పాతది.

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారుల్లో నివసించిన మునులు లేఖనంలోని చిన్న వాక్యాన్ని పదే పదే మననం చేసేవారు. వారి దగ్గర కొన్నేళ్లు గడిపిన జాన్ కాసియన్ తర్వాతి కాలంలో మార్సేలో స్థిరపడి, వారి మాటలను సంభాషణల రూపంలో లాటిన్‌లో రాసిపెట్టాడు. పదో సంభాషణలో ఐజాక్ అనే ముని, 70వ కీర్తన మొదటి చరణాన్ని పట్టుకుని నిద్రలోనూ మెలకువలోనూ దాన్ని వదలొద్దంటాడు. 12వ శతాబ్దంలో రెండో గీగో అనే కార్తూసియన్ మఠవాసి పఠనం, మననం, ప్రార్థన, ధ్యానం అని నాలుగు మెట్లు కట్టాడు. 14వ శతాబ్దంలో ఇంగ్లండులో పేరు చెప్పుకోని రచయిత ఒకరు ‘ద క్లౌడ్ ఆఫ్ అన్‌నోయింగ్’ రాసి, ప్రార్థనకు ఒక్క పొట్టి పదం సరిపోతుందన్నాడు. తూర్పు సంఘాల్లో యేసు నామజపం నేటికీ సాగుతోంది.

ఇంత వారసత్వం ఉండి కూడా గుడికొచ్చే మామూలు మనిషికి ఇది ఎందుకు చేరలేదు? కారణాల్లో పెద్దది 17వ శతాబ్దంలో రోములో జరిగిన వివాదం. స్పెయిన్‌కు చెందిన మిగేల్ దె మొలీనోస్ అనే గురువు, ఆత్మ ఏ ప్రయత్నమూ లేకుండా దేవుని ముందు ఊరక ఉండటమే ఉత్తమమని బోధించాడు. 1687లో పోపు 11వ ఇన్నోసెంట్ అతని 68 ప్రతిపాదనలను ఖండించాడు. ఆ తర్వాత మౌన ప్రార్థన పేరెత్తితేనే అనుమానంగా చూసే కాలం వచ్చింది. అది ఏ కొద్దిమందికో, అదీ మఠం గోడల లోపల, అన్న అభిప్రాయం బలపడింది. విశ్వాసులకు జపమాల, నవదిన ప్రార్థనలు, సిలువ మార్గం మిగిలాయి. వాటిని తక్కువ చేయడం తగదు. కళ్లు అరమోడ్చి పూసలు తిప్పుకునే అమ్మమ్మ చేసేది ధ్యానం కాదని ఎవరనగలరు?

రెండో వాటికన్ మహాసభ 1965లో మఠాలను తమ మూలాలు వెతుక్కోమంది. ఆ రోజుల్లో మసాచుసెట్స్ రాష్ట్రం స్పెన్సర్‌లోని ట్రాపిస్టు మఠానికి థామస్ కీటింగ్ అధిపతి. ఆశ్రమాలూ బౌద్ధ ధ్యాన కేంద్రాలూ వెతుక్కుంటూ వెళ్తున్న యువతను ఆయన గమనించాడు. 1976లో పక్కనే ఉన్న బ్యారీలో విపశ్యన కేంద్రం తెరిచింది కూడా ఒకప్పటి కథోలిక శిక్షణాలయ భవనంలోనే. మన దగ్గరున్న దాన్ని వీళ్లకు అందే తీరులో చెప్పలేమా అని కీటింగ్ తోటి మఠవాసులను అడిగాడు. విలియం మెనింజర్ 1974లో మఠం గ్రంథాలయంలో దుమ్ముపట్టి ఉన్న ‘క్లౌడ్’ ప్రతిని తీసి, అందులోని పద్ధతిని అతిథిగృహానికొచ్చే గురువులకు నేర్పడం మొదలుపెట్టాడు. బాసిల్ పెనింగ్టన్ దాన్ని ఊరూరా వ్యాపింపజేశాడు. ట్రాపిస్టు రచయిత థామస్ మెర్టన్ రచనల స్ఫూర్తితో దానికి సెంటరింగ్ ప్రేయర్ అన్న పేరు స్థిరపడింది. కీటింగ్ 1981లో పదవి వదిలి కొలరాడోలోని స్నోమాస్ మఠానికి వెళ్లాడు. 1984లో కాంటెంప్లేటివ్ ఔట్‌రీచ్ సంస్థ ఏర్పడింది.

ఇది ఒక ధార. రెండో ధారకు మూలం మలయా. బ్రిటిష్ వలస ప్రభుత్వ ఉద్యోగిగా 1950లలో అక్కడున్న జాన్ మెయిన్, కౌలాలంపూర్‌లో అనాథ పిల్లలను సాకుతున్న స్వామి సత్యానంద అనే హిందూ సన్యాసి దగ్గర మంత్రజపం నేర్చుకున్నాడు. 1959లో లండన్‌లోని ఈలింగ్ బెనెడిక్టైన్ మఠంలో చేరితే, ఆ అభ్యాసం మానుకోమన్నారు. మానేశాడు. ఏళ్లు గడిచాక కాసియన్ రచనలు చదువుతుంటే, స్వామి నేర్పిందే అక్కడా కనబడింది. 1975లో ఈలింగ్‌లో బృందాలు మొదలుపెట్టి, 1977లో మాంట్రియల్ వెళ్లి, 1982లో మరణించేదాకా అదే పనిలో ఉన్నాడు. జపానికి ఆయన ఎంచుకున్న పదం ‘మరనాత’.

బృందం నడిచే తీరు చాలా సాదా. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు, మధ్యలో కొవ్వొత్తి, తెరిచిన బైబిలు. మెయిన్ బృందాల్లో ముందు ఆయన ప్రసంగాల రికార్డు కాసేపు వింటారు. గంట మోగుతుంది. నడుము నిటారుగా, కళ్లు మూసుకుని ఇరవై నిమిషాలో అరగంటో కూర్చుంటారు. మళ్లీ గంట. సెంటరింగ్ ప్రేయర్‌లో వెంటనే లేవరు. రెండు నిమిషాలు అలాగే ఉంటారు, ఆ వేళ ఒకరు పరలోక జపాన్ని నెమ్మదిగా చెబుతారు. ఇందులో ఆలోచన పట్టిలాగినప్పుడే పదాన్ని తలుచుకుంటారు. మెయిన్ పద్ధతిలో మొదటి నుంచి చివరిదాకా విడవకుండా జపిస్తారు. రోజూ ఇంట్లో రెండు పూటలా చేయాలన్నది రెండింటి నియమం. వారంవారం కూడటం ఆ నియమం సడలకుండా చూసుకోవడానికే. నడిపేది చాలాచోట్ల గృహస్థులే.

విమర్శలూ వచ్చాయి. 1989 అక్టోబరు 15 తేదీతో, కార్డినల్ జోసెఫ్ రాట్‌జింగర్ సంతకంతో వెలువడిన వాటికన్ లేఖ, ప్రాచ్య పద్ధతులను పూర్తిగా తోసిపుచ్చలేదు గానీ, శరీరానికి కలిగే విశ్రాంతినీ హాయినీ పవిత్రాత్మ ఓదార్పుగా పొరబడొద్దని హెచ్చరించింది. ఆ లేఖ సెంటరింగ్ ప్రేయర్‌నే ఉద్దేశించిందని కొందరు వాదించారు. కీటింగ్ వర్గం ఒప్పుకోలేదు. ఒక పదంతో మనసును ఖాళీ చేసుకోవడంలో క్రీస్తు ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు.

భారతదేశంతో ఈ బృందాలకు నేరుగా ముడి ఉంది. తమిళనాడులో కావేరి ఒడ్డున 1950లో ఇద్దరు ఫ్రెంచి గురువులు స్థాపించిన శాంతివనం ఆశ్రమాన్ని తర్వాత బీడ్ గ్రిఫిత్స్ నడిపాడు. 1991లో ఇండియానా రాష్ట్రం న్యూ హార్మనీలో ఆయన ప్రసంగించిన మెయిన్ స్మారక సదస్సులోనే, చెల్లాచెదురుగా ఉన్న బృందాలు క్రైస్తవ ధ్యాన ప్రపంచ సమాజంగా ఏర్పడ్డాయి. మెయిన్ శిష్యుడు లారెన్స్ ఫ్రీమన్ దాన్ని నడిపించాడు. ప్రస్తుతం దాని అంతర్జాతీయ కేంద్రం ఫ్రాన్సులోని బొన్‌వోలో ఉంది.