టొరంటో ట్రాములు: ఒప్పందంలో లేని ఊరు

ట్రాముల చరిత్ర రాసేవాళ్లు తప్పంతా కంపెనీ లాభాపేక్ష మీదికో, కౌన్సిల్ సభ్యుల లంచాల మీదికో తోసేస్తుంటారు. కెనడాలోని టొరంటో నగరం ట్రాము కంపెనీలతో అరవై ఏళ్లు పడ్డ పేచీని దగ్గరగా చూస్తే నాకు అసలు లోపం ఒప్పందపత్రంలోనే కనిపిస్తుంది. ఉన్న ఊరి గురించి అంగుళాల లెక్కన షరతులు రాసుకున్న కౌన్సిల్, పెరగబోయే ఊరి గురించి గట్టిగా ఏమీ రాసుకోలేదు. అంగుళాలన్నది ఊరికే అన్న మాట కాదు. 1861లో అలెగ్జాండర్ ఈస్టన్‌కు గుర్రపు ట్రాములు నడుపుకోమని ముప్ఫై ఏళ్ల గుత్త ఇచ్చినప్పుడు, మామూలు బండ్లు కూడా ఆ పట్టాల మీద నడవగలిగేలా ఉండాలని నగరం పట్టుబట్టింది. పట్టాల మధ్య దూరం 4 అడుగుల 10⅞ అంగుళాలు అయింది అందుకే. రైళ్ల స్టాండర్డ్ గేజ్ కన్నా ఇది రెండంగుళాలకు పైగా ఎక్కువ. ఇవాళ్టి టొరంటో ట్రాములూ ఆ కొలత మీదే తిరుగుతున్నాయి.

1891లో గుత్త గడువు తీరగానే నగరం ట్రాములను కొనేసింది. కొన్ని నెలలు తానే నడిపి, మళ్లీ ముప్ఫై ఏళ్లకు విలియం మెకెంజీ బృందానికి అప్పగించింది. ఈసారి బేరం గట్టిగానే ఆడింది. వసూళ్లలో వాటా, పట్టాల మైలుకు ఏటా 800 డాలర్లు, పనికి వెళ్లొచ్చే వేళల్లో కూలీలకు 25 సెంట్లకు ఎనిమిది టికెట్లు, గుర్రాల స్థానంలో కరెంటు. జనం ఓటేసి ఒప్పుకునేదాకా ఆదివారం ట్రాము కదలకూడదన్న షరతు కూడా ఉంది. రెండుసార్లు వద్దన్న ఊరు 1897లో స్వల్ప మెజారిటీతో సరేనంది. కంపెనీ కూడా మాట నిలబెట్టుకుంది. 1892లో మొదటి కరెంటు ట్రాము నడిస్తే, 1894కల్లా గుర్రాలు వీధుల్లోంచి వెళ్లిపోయాయి. ప్రైవేటు పెట్టుబడి పనికిరాదనేవాళ్లు ఈ వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. నగరం చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుంటూ పోయింది. అక్కడికీ పట్టాలు వెయ్యమంటే, మా బాధ్యత 1891 నాటి పొలిమేర దాకానే అంది కంపెనీ. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది, అక్కడా కంపెనీ మాటే నెగ్గింది. న్యాయమూర్తులను తప్పుపట్టలేం. కాగితం మీద లేనిదాన్ని వాళ్లెలా ఇప్పిస్తారు? ఊరు అంతగా పెరుగుతుందని 1891లో ఎవరికి తెలుసని కొందరు కౌన్సిల్‌ను వెనకేసుకొస్తారు. ఈ వాదన నిలవదు. యార్క్‌విల్ 1883లోనే నగరంలో కలిసింది, పార్క్‌డేల్ 1889లో కలిసింది. పెరుగుదల వాళ్ల కళ్లముందే జరుగుతోంది.

గత్యంతరం లేక నగరం శివార్లలో తానే పట్టాలు వేసి, 1912 డిసెంబరు నుంచి సొంత ట్రాములు నడిపింది. వాటికి నష్టాలొచ్చాయి కాబట్టి కంపెనీ కాదనడమే సబబని మరో వాదన. కానీ ఆ లైన్లు నగరం నడిబొడ్డుకు చేరేవి కావు. కంపెనీ హద్దు దగ్గర ఆగేవి. అక్కడ దిగి, ఇంకో ట్రాము ఎక్కి, ఇంకో టికెట్ కొనుక్కోవాలి. ముక్కలు చేసిన దారికి రాబడి ఎక్కడిది? 1920 జనవరిలో జనం భారీ మెజారిటీతో నగర యాజమాన్యానికి ఓటేశారు. 1921 సెప్టెంబరు 1న నగరం నియమించిన కమిషన్ కంపెనీ ట్రాములనూ శివారు లైన్లనూ కలిపి చేతిలోకి తీసుకుంది. టికెట్ 7 సెంట్లయింది, అంటే ధర పెరిగింది. అయితే ఆ ఒక్క టికెట్‌తో నగరంలో ఎక్కడ ట్రాము మారినా మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదు. శివారు మనిషికి ఇన్నాళ్లూ రెండు టికెట్ల ఖర్చు పెట్టించింది దూరం కాదు, 1891లో గీసి వదిలేసిన పొలిమేర.