పాట లేని కథనంలో పోలీసు: 'ద్రోహి', 'ఈనాడు' చిత్రాల పరిశీలన

తెలుగు ప్రేక్షకునికి పాట కేవలం వినోదం కాదు. గాండ్లపెంట వంటి ఊళ్ల నుండి కదిరికి వెళ్లి సినిమా చూసే అలవాటున్న వారికి పాట కథ ఆగే చోటు. అంతవరకు జరిగిన దానిలో తప్పెవరిదో పక్కవారితో చర్చించుకొనే వ్యవధి కూడా. ఆ వ్యవధి లేని చిత్రం ప్రేక్షకుని తీర్పును ఎటు నడిపిస్తుందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. ఉగ్రవాదం, పోలీసు వ్యవస్థ ఇతివృత్తాలుగా హిందీ మూలం నుండి తెలుగులోకి వచ్చిన రెండు చిత్రాలు ఇందుకు ఆధారం.

గోవింద్ నిహలానీ 1994లో తీసిన 'ద్రోహ్‌కాల్'ను కమల్‌హాసన్ రచనతో, పి.సి.శ్రీరామ్ దర్శకత్వంలో 1995లో తమిళంలో 'కురుదిప్పునల్'గా పునర్నిర్మించారు. దాని తెలుగు రూపమే 'ద్రోహి'. ఇందులో పాటలు లేవు. ఉగ్రవాద నాయకుని బంధించి హింసించిన పోలీసు అధికారి, తన కుటుంబానికి ముప్పు ఏర్పడగానే అతనికే సమాచారం అందించేవాడిగా మారతాడు. ఎంతటివాడికైనా ఓర్పు తెగే స్థానం ఒకటుంటుందన్నది కథాసూత్రం. అనుమానం ఇక్కడ యూనిఫాం లోపలికే ప్రవేశిస్తుంది.

నీరజ్ పాండే తొలి చిత్రం 'ఎ వెన్స్‌డే' 2008 సెప్టెంబరు 5న విడుదలైంది. అజ్ఞాత వ్యక్తి ఒకడు మేడపై నుండి ముంబయి పోలీసు కమిషనర్‌కు ఫోన్ చేసి, నలుగురు ఉగ్రవాదులను విడిచిపెట్టమంటాడు. విడిపించడం అతని ఉద్దేశం కాదు, చంపడం. ముగ్గురు అతడు అమర్చిన బాంబుకు బలి అవుతారు. నాలుగోవాడిని పోలీసులే కాల్చివేస్తారు. 2006 జులై 11 నాటి ముంబయి రైలు పేలుళ్లు అతని ఆగ్రహానికి మూలం. కథ మధ్యాహ్నం నుండి సాయంత్రం వరకు ఎక్కడా ఆగదు. ఆగేది ఒక్కచోటే: అతడు తనను సామాన్యుడిగా పరిచయం చేసుకొంటూ చేసే దీర్ఘ ప్రసంగం వద్ద. నా పరిశీలనలో, పాట ఖాళీ చేసిన స్థానాన్ని ఈ ప్రసంగం ఆక్రమించింది. పాటలాగే ఇదీ భావోద్వేగంతో పనిచేస్తుంది, సాక్ష్యాన్ని కోరదు. అయితే పాటను ప్రేక్షకుడు కల్పనగా స్వీకరిస్తాడు. ప్రసంగాన్ని వాస్తవంగా నమ్ముతాడు.

దీని తెలుగు రూపం 'ఈనాడు' 2009 సెప్టెంబరులో వచ్చింది (1982 నాటి కృష్ణ చిత్రం వేరు). చక్రి తోలేటి దర్శకుడు. కమల్‌హాసన్ అజ్ఞాత వ్యక్తి, వెంకటేష్ కమిషనర్. పాటలు నేపథ్యానికే పరిమితం. నలుగురిలో ఒకరిని హిందువైన ఆయుధాల వ్యాపారిగా మార్చడం గమనించదగిన జాగ్రత్త. కాని అంతకన్నా పెద్ద మార్పు స్థలానిది. కథ హైదరాబాదుకు వచ్చింది.

ఆ నగరంలో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది; అనంతరం జరిగిన పోలీసు కాల్పులలోనూ ప్రాణాలు పోయాయి. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగాయి. మక్కా మసీదు ఘటన తరువాత పోలీసులు పలువురు ముస్లిం యువకులను నిర్బంధించారు. అనంతరం వారు నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం వారికి ప్రకటించిన నష్టపరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. 'పట్టుబడినవాడు నిజంగా దోషియేనా?' అన్న ప్రశ్న హైదరాబాదులో ఊహాజనితం కాదు. 'ఈనాడు' ఆ ప్రశ్నను అడగదు. బందీల నేరం ముందే తేలిపోయింది కనుక, విచారణ కేవలం జాప్యంగా కనిపిస్తుంది. పోలీసు అధికారి సైతం చివరకు చట్టం పక్షాన కాక, ఫోన్ చేసినవాని పక్షాన నిలుస్తాడు. 'ద్రోహి'లో పోలీసును కుంగదీసిన సందేహం ఇక్కడ పూర్తిగా తొలగిపోయింది. రెండు చిత్రాలలోనూ కమల్‌హాసన్ ఉండడం ఈ తేడాను మరింత స్పష్టం చేస్తున్నది.

మూల చిత్రంలో కమిషనర్, ఆనాటి సంఘటనకు రాతపూర్వక ఆధారం ఏదీ లేదని చెబుతూ కథ ప్రారంభిస్తాడు. హైదరాబాదు కేసులకు ఆధారాలున్నాయి. మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ ప్రత్యేక న్యాయస్థానం 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆగస్టు పేలుళ్ల కేసులో ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవ శిక్ష పడ్డాయి. మరో ఇద్దరు విడుదలయ్యారు.