పోల్ డ్యాన్స్ సాధన (అమెరికా)

నేల నుంచి పైకప్పు దాకా నిలబెట్టిన లోహపు గొట్టాన్ని చేతులతో, తొడలతో, మోకాలి మడతలతో పట్టుకుని ఎక్కుతూ, గిరగిరా తిరుగుతూ, తలకిందులుగా వేలాడుతూ చేసే నాట్య వ్యాయామం పోల్ డ్యాన్స్. అమెరికాలో ఇది స్ట్రిప్ క్లబ్బుల్లో రూపు దిద్దుకుని, 2000 తర్వాత వ్యాయామ స్టూడియోలకు, పోటీ వేదికలకు పాకింది. ఇందులో కొత్తగా చేరినవారికైనా పదేళ్లుగా చేస్తున్నవారికైనా రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటే: పట్టు. ఒంటి చర్మం లోహాన్ని ఎంత గట్టిగా అంటుకుంటుందన్న దాన్ని బట్టే వేసుకునే బట్టలు, రాసుకునే క్రీములు, గది వెచ్చదనం, విద్య నేర్చుకునే వరుస అన్నీ తేలతాయి.

చరిత్ర

1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో మధ్యప్రాచ్యపు నాట్యాలు అమెరికన్లను కట్టిపడేశాయి. ఆ తర్వాత ఊరూరా తిరిగే సంతల్లో, సర్కస్‌ల పక్కన వెలిసిన చిన్న గుడారాల్లో ‘హూచీ కూచీ’ పేరుతో వాటి అనుకరణలు నడిచాయి. గుడారం మధ్య రాటనే ఆసరాగా చేసుకుని ఆడిన ఆ నాట్యగత్తెలే ఈ విద్యకు మొదటివారని చెబుతారు. క్లబ్బు వేదిక మీద పోల్‌తో నాట్యం చేసినవారిలో తొలి పేరుగా ఓరెగన్‌లోని మగ్‌వంప్ క్లబ్బులో 1968లో ఆడిన బెల్ జాంగిల్స్‌ను తరచూ ఉదహరిస్తారు.

1990లలో కెనడాకు చెందిన ఫానియా మాండే ఈ విద్యను క్లబ్బు బయటివారికి పాఠాలుగా చెప్పడం మొదలుపెట్టి, తర్వాత లాస్ వేగాస్‌కు మకాం మార్చారు. నటి షీలా కెల్లీ ‘డ్యాన్సింగ్ ఎట్ ద బ్లూ ఇగ్వానా’ (2000) సినిమాలో స్ట్రిప్పర్ పాత్ర కోసం పోల్ నేర్చుకుని, లాస్ ఏంజెలెస్‌లో ‘ఎస్ ఫ్యాక్టర్’ తరగతులు ప్రారంభించారు. 2008లో యూఎస్ పోల్ డ్యాన్స్ ఫెడరేషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో అది జరిపిన పోటీలో జెనీన్ బటర్‌ఫ్లై విజేత.

2019లో వచ్చిన ‘హస్లర్స్’ సినిమా కోసం జెన్నిఫర్ లోపెజ్ నెలల తరబడి సాధన చేశారు. సినిమా విడుదలయ్యేనాటికి ఆమెకు యాభై ఏళ్లు. 2020 ఫిబ్రవరి 2న మయామీలో సూపర్ బౌల్ విరామ ప్రదర్శనలోనూ పోల్ ఎక్కారు.

స్టూడియోలు పెరిగాక ఒక తగువూ పుట్టింది. ‘మేం స్ట్రిప్పర్లం కాం’ అని సామాజిక మాధ్యమాల్లో కొందరు సాధకులు చెప్పుకోబోతే, ఫీజు కట్టి మీరు నేర్చుకునే ఒడుపులన్నీ మావేనని క్లబ్బు నర్తకులు గట్టిగా బదులిచ్చారు. నార్త్ హాలీవుడ్‌లోని స్టార్ గార్డెన్ క్లబ్బు నర్తకులు 2023లో యాక్టర్స్ ఈక్విటీ అనే రంగస్థల కళాకారుల సంఘంలో చేరారు. ఇప్పుడు చాలామంది శిక్షకులు ఫలానా కదలిక క్లబ్బుల నుంచి వచ్చిందని తరగతిలోనే చెబుతున్నారు.

పోల్ రకాలు

పోటీల్లోను, ఎక్కువ స్టూడియోల్లోను వాడేది 45 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పోల్. పాత క్లబ్బుల్లో 50 మిల్లీమీటర్లవి కనిపిస్తాయి. చిన్న చేతులవారు 40 మిల్లీమీటర్లది కోరుకుంటారు. సన్నపు పోల్‌ను వేళ్లు పూర్తిగా చుట్టుకుంటాయి. లావుపాటిది అరచేతికి అంత తేలిగ్గా చిక్కదు గాని, తొడలకూ మోకాలి మడతకూ ఎక్కువ ఆనుతుంది. కాబట్టి ఒక పోల్ మీద నేర్చిన ఒడుపు మరో దాని మీద మొదటిసారి జారిపోతే కంగారు పడనక్కర్లేదు.

ఒకే పోల్‌ను మర సడలించి తిరిగేలా, బిగించి కదలకుండా వాడుకునే ఏర్పాటు చాలావాటికి ఉంటుంది. కదలని పోల్ మీద తిరుగుడంతా ఒంటి ఊపుతో రావాలి. తిరిగే పోల్ మీద వేగాన్ని అదుపు చేయడమే పని: కాళ్లూ చేతులూ దగ్గరకు ముడిస్తే వేగం పెరుగుతుంది, చాపితే తగ్గుతుంది. కొత్తవారికి కళ్లు తిరగడం మామూలే. నాలుగైదు చుట్లతో ఆపి, కాసేపు నిలబడి మళ్లీ ఎక్కితే కొన్ని వారాల్లో అలవాటవుతుంది.

లోహాల్లో క్రోమ్ పూతది ఎక్కువగా దొరుకుతుంది. ఇత్తడిది చర్మాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. క్రోమ్ పూత అడుగున నికెల్ పొర ఉంటుంది గనుక దురద, దద్దుర్లు వచ్చేవారు స్టెయిన్‌లెస్ స్టీలు గాని, పౌడర్ కోటింగ్ గాని ఎంచుకుంటారు. సిలికాన్ తొడుగు ఉన్నదాని మీద నిండు దుస్తులతోనే సాధన చేయవచ్చు, కాని దాని మీద నుంచి కిందికి జారడం కుదరదు.

చర్మం, పట్టు

రాయలసీమ తిరునాళ్లలో ఉట్లమానుకు జిడ్డు పూస్తారు. ఎక్కేవాడు జారాలి, జనం నవ్వాలి. మల్లఖంబంలో కొయ్య స్తంభానికి ఆముదం పట్టించేది మరో కారణంతో: ఒరుసుకుని చర్మం కమిలిపోకుండా. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 12వ శతాబ్దపు ‘మానసోల్లాసం’లో ప్రస్తావన ఉన్న ఆ విద్యకు 2019లో ముంబయిలో ప్రపంచ పోటీలు జరిగాయి. పోల్ డ్యాన్స్‌లో మాత్రం నూనెబొట్టు శత్రువు. తరగతికి ముందు రోజు నుంచే కొబ్బరినూనె, లోషన్, సన్‌స్క్రీన్ చేతులకూ కాళ్లకూ రాయకూడదు. తలంటుకుని వచ్చినా మెడ మీద, భుజం మీద మిగిలిన జిడ్డు పోల్‌కు అంటుతుంది. తర్వాత ఎక్కేవారు జారతారు.

పొట్టి నిక్కరు వేసుకోవడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. తొడల లోపలి వైపు, మోకాలి వెనక, నడుం పక్కన, చంక దగ్గర చర్మం నేరుగా లోహాన్ని తాకితేనే శరీరం నిలుస్తుంది. లెగ్గింగ్స్ వేసుకుంటే జర్రున జారుతుంది. మొదటి తరగతుల్లో తిరుగుళ్లే ఉంటాయి గనుక మోకాళ్ల దాకా వచ్చే నిక్కరు చాలు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసి బ్యాగులో పెట్టుకోవాలి. అవి పోల్‌ను గీరతాయి, వేలిని నలిపేస్తాయి.

ఊరి వాతావరణాన్ని బట్టి ఇబ్బంది మారుతుంది. డెన్వర్, మినియాపోలిస్ చలికాలంలో హీటర్ గాలికి చర్మం ఎండిపోయి పోల్ చల్లగా, నున్నగా తగులుతుంది. అక్కడివారు ముందు ఒళ్లు వేడెక్కించుకుని, పోల్‌ను గుడ్డతో రుద్ది వెచ్చబరిచి మొదలుపెడతారు. హ్యూస్టన్, మయామీ ఉక్కలో చెమటే సమస్య. దానికి మెగ్నీషియం కార్బనేట్ కలిసిన ద్రవ చాక్ అరచేతులకు రాస్తారు. పొడి చర్మంవారు బంకగా ఉండే మరో రకం మందును తొడలకు వాడతారు. చెమట చేతులకు బంక మందు రాస్తే పట్టు ఇంకా పోతుంది. మెటల్ పోల్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం అన్ని స్టూడియోల్లో కనిపించే దృశ్యం. పూతలున్న వాటికి తయారీదారు చెప్పిన పద్ధతే పాటించాలి.

నేర్చుకునే వరుస

తరగతి సాధారణంగా గంట నుంచి గంటంపావు. మొదటి పావుగంట మణికట్లు, భుజాలు, నడుం, తుంటి వేడెక్కించడానికి పోతుంది. ఆ తర్వాత నడక, ఫైర్‌మన్ స్పిన్, చెయిర్ స్పిన్, పోల్ మీద కూర్చోవడం, ఎక్కడం. కూర్చోవడం పేరుకే తేలిక. తొడల మధ్య నలిగే చర్మానికి అలవాటు పడేదాకా కళ్లనీళ్లు తెప్పిస్తుంది.

చేతులతో వేలాడేటప్పుడు భుజాలు చెవుల దాకా లేచిపోకూడదు. రెక్క ఎముకలను కిందికి, వెనక్కి లాగి పట్టుకోవాలి. ఈ ఒక్క అలవాటు భుజాన్ని చాలా గాయాల నుంచి కాపాడుతుంది.

చాలామంది తొందరపడేది తలకిందులయ్యే దగ్గర. దీన్ని ఇన్వర్ట్ అంటారు. నేల మీద నుంచి కాలు ఎగదన్ని, ఆ ఊపుతో పైకి వెళ్లడం పద్ధతి కాదు. రెండు పాదాలూ మెల్లగా లేపి, తుంటిని తలకన్నా పైకి తేగలిగినప్పుడే సిద్ధమైనట్టు. అందుకు ఇంట్లో చేసే కసరత్తులున్నాయి: వెల్లకిలా పడుకుని నడుం నేలకు ఆనించి కాళ్లు లేపడం, మోచేతులు మడిచి బార్‌కు వేలాడటం, పైనుంచి నిదానంగా కిందికి దిగే పుల్అప్. కిందికి దిగే పద్ధతి రానిదే పైకి ఎక్కకూడదని శిక్షకులు ముందే చెబుతారు. ఒంటికాలి మడతతో వేలాడేవి, సూపర్‌మ్యాన్ అనే భంగిమ ఆ తర్వాత వస్తాయి. అయేషా, హ్యాండ్‌స్ప్రింగ్ వంటి కష్టమైన భంగిమలు ఇంకా చాలా కాలానికి. ఒక చెయ్యి మెలితిప్పి పట్టే ట్విస్టెడ్ గ్రిప్ భుజం మీద, మణికట్టు మీద భారం వేస్తుంది గనుక దాన్ని అనుభవజ్ఞుల ముందే నేర్చుకోవాలి.

కుడిచేతి వాటంవారు అన్నీ ఒకే వైపు చేసి, కొన్నాళ్లకు ఒక భుజం బలంగా, మరోటి బలహీనంగా మిగులుతారు. ప్రతి కదలికా రెండో వైపూ చేయాలి. అటు వైపు వికారంగా వచ్చినా సరే.

గాయాలు, విశ్రాంతి

తొడల మీద, పాదాల పైభాగాన కమిలిన మచ్చలను అమెరికన్ సాధకులు ‘పోల్ కిస్’ అని ముద్దుగా పిలుచుకుంటారు. కొత్త భంగిమ మొదలుపెట్టిన వారం అవి రావడం సహజం, చర్మం అలవాటు పడ్డాక తగ్గుతాయి. కీలులో సూది గుచ్చినట్టుండే నొప్పి, వేళ్లలో తిమ్మిరి, చెయ్యి పైకి లేవకపోవడం అలాంటివి కావు. అప్పుడు ఆపి వైద్యుడిని చూడాలి. ఎక్కువగా దెబ్బతినేది భుజం. గట్టిగా పిడికిలి బిగించేవారికి మోచేతి దగ్గర, స్ప్లిట్స్ కోసం రోజూ కాళ్లు సాగదీసేవారికి పిరుదు ఎముక దగ్గర నొప్పి పట్టుకుంటుంది.

మొదటి ఏడాది వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజైనా విరామం ఇవ్వడం మేలు. కండ త్వరగా బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు ఆలస్యంగా బలపడుతుంది. అధిక రక్తపోటు, గ్లకోమా ఉన్నవారు, గర్భిణులు, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు తలకిందులయ్యే ముందు డాక్టరును అడగాలి.

శరీరం సన్నగా ఉంటేనే ఈ విద్య అబ్బుతుందన్నది అపోహ. ‘రాజ్ ద డీవా’గా పేరొందిన న్యూయార్క్ శిక్షకురాలు రాజ్ మేస్ భారీకాయంతోనే ఏళ్లుగా పాఠాలు చెప్పి దాన్ని పోగొట్టారు.

ఇంట్లో పోల్

ఇంట్లో వాడే పోల్ ఎక్కువగా నేలకూ పైకప్పుకూ మధ్య ఒత్తిడితో నిలుస్తుంది. అమెరికా ఇళ్లలో పైకప్పు సాధారణంగా కాంక్రీటు కాదు; కొయ్య దూలాలకు కొట్టిన డ్రైవాల్ పలక. దూలాల మధ్య దూరం సాధారణంగా 16 అంగుళాలు. పోల్ సరిగ్గా దూలం కిందే నిలవాలి, లేకుంటే పలక పగిలి మనిషితో సహా కింద పడుతుంది. స్టడ్ ఫైండర్ అనే పరికరంతో దూలాన్ని వెతికి గుర్తు పెట్టుకున్నాకే బిగించాలి. ఏటవాలు పైకప్పుకు ప్రత్యేక అమరిక కావాలి. అద్దె అపార్ట్‌మెంట్లలో యజమాని అనుమతి అవసరం. సొంత వేదిక ఉన్న విడి పోల్ కొందరికి అక్కరకొస్తుంది.

గాలిలో తేమ పెరిగితే కొయ్య ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. అందుకే నిన్న బిగించిన పోల్‌ను ఇవాళ ఎక్కే ముందు మళ్లీ చేత్తో ఊపి చూడాలి. చుట్టూ ఫర్నిచర్ లేకుండా చూసుకుని, కింద మందపాటి మ్యాట్ పరచాలి. ఒంటరిగా ఉన్నప్పుడు కొత్త భంగిమ ప్రయత్నించకూడదు. పిల్లలున్న ఇంట్లో సాధన అయ్యాక విప్పి దాచేయడం మంచిది.

స్టూడియో మర్యాదలు, పోటీలు

సాధనను ఫోన్‌లో తీసుకుని చూసుకోవడం మంచి అలవాటు. అద్దంలో కనిపించని తప్పు అందులో దొరుకుతుంది. వెనక ఉన్నవారు ఫ్రేములో పడుతుంటే ముందు అడగాలి. ఉద్యోగంలో, కుటుంబంలో ఈ సంగతి తెలియనివ్వనివారు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు.

అంతర్జాతీయ పోల్ స్పోర్ట్స్ ఫెడరేషన్‌కు 2017లో అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల సంఘం జీఏఐఎస్ఎఫ్ పరిశీలక హోదా ఇచ్చింది. దాని పోటీల్లో వేదిక మీద రెండు పోల్‌లుంటాయి, ఒకటి కదలనిది, మరోటి తిరిగేది. నలభై, యాభై ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు విభాగాలున్నాయి. అమెరికాలో పోల్ స్పోర్ట్ ఆర్గనైజేషన్ నడిపే పోటీల్లో మార్కుల క్రీడతో పాటు నాటకీయ, వినోద, ఎగ్జాటిక్ నాట్యాలకూ చోటుంది. ఎత్తు మడమల చెప్పులతో ఆడేవారు ఎక్కువగా ఆ చివరి విభాగంలో కనిపిస్తారు.

స్టూడియోలో పక్కాగా వచ్చిన భంగిమ వేదిక మీద దీపాల వేడికి, గుబులుకు పట్టిన చెమటకు జారిపోవచ్చు. అందుకే ఒక ప్రదర్శన ముగిసి మరోటి మొదలయ్యే లోపు ఆల్కహాల్ సీసా, గుడ్డ పట్టుకుని తుడిచేవారు వేదిక మీదికి వస్తారు. పై కొస దాకా తుడవాలంటే పోల్ ఎక్కాలి గనుక, ఆ పనికి కూడా ఎక్కడం వచ్చినవారినే పెడతారు.