పాప కాటుక, పాటర్సన్ సీసం

మొన్నామధ్య మా పాపకి ఏడాది నిండింది. న్యూజెర్సీలో పిల్లలకి ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ళకి ఇంకోసారి రక్తంలో సీసం ఎంతుందో చూడాలని రూలు. సరే అని తీసుకెళ్తే, డాక్టరమ్మ మన పేర్లు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "కాటుక పెడతారా?" రెండోది, "పసుపు ఎక్కడ కొంటారు?"

రాత్రి ఫోన్లో మా అమ్మకి ఈ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "ఆముదం దీపం పెట్టి, నా చేత్తో నేను పట్టిన కాటుకలో సీసం ఎక్కణ్ణుంచి వస్తుందిరా? నువ్వూ, అన్నయ్యా అదే పెట్టుకుని పెరగలా?" అని ఒకటే దులుపుడు. ఆవిడ పాయింటు ఆవిడది. ఆముదం మసిలో సీసం ఉండదు నిజమే. కానీ ఇంట్లో ఉన్న రెండు డబ్బాల్లో ఒకటి అమ్మది కాదు, ఎక్కడో కొట్లో కొన్నది. పైగా "మేమంతా అలాగే పెరిగాం, ఏమైంది?" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒకాయన గుర్తొస్తాడు. ఆయన జీవితమంతా ఈ ఒక్క మాటతోనే పోట్లాడాడు.

ఆయన పేరు క్లెయిర్ పాటర్సన్. 1922లో అయోవా రాష్ట్రంలో పుట్టాడు. భూరసాయన శాస్త్రవేత్త. 1948లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన గైడు హారిసన్ బ్రౌన్ ఇచ్చిన పని చాలా తేలిగ్గా కనిపించేది. యురేనియం కాలక్రమేణా సీసంగా మారుతుంది. ఏ వేగంతో మారుతుందో తెలుసు. కాబట్టి ఒక రాయిలో యురేనియం ఎంత, సీసం ఎంత అని కొలిస్తే రాయి వయసు చెప్పొచ్చు. యురేనియం సంగతి జార్జ్ టిల్టన్ చూసుకున్నాడు. సీసం మన పాటర్సన్ వంతు.

టిల్టన్ అంకెలు చక్కగా వచ్చాయి. పాటర్సన్ అంకెలు మాత్రం ఏ పొంతనా లేకుండా, ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చేవి. మనమైతే ఏం చేస్తాం? "నా మెషీన్లో బానే ఉంది" అంటాం, లేదా ఆ టెస్ట్ కేసుని కామెంట్ చేసి పారేస్తాం :) ఆయన రాయిని వదిలేసి, రాయి చుట్టూ ఉన్నవాటిని కొలవడం మొదలెట్టాడు. నీళ్ళలో సీసం. ఆసిడ్లలో సీసం. గాజు పాత్రల్లో, గాల్లో ఎగిరే దుమ్ములో, చివరికి తన జుట్టులో, బట్టల్లో సీసం. రాయిలోంచి వచ్చే సీసం పిసరంత, ల్యాబులోంచి వచ్చేది బోలెడు.

ఆ శుభ్రం చేసే పని కొన్నేళ్ళు పట్టింది. 1952లో కాల్‌టెక్‌కి మారాక అక్కడ ప్రత్యేకంగా ఒక ల్యాబు కట్టించుకున్నాడు. వడగట్టిన గాలి లోపలికి వస్తుంది, బయటి గాలి రాదు. ప్రతి పాత్రనీ ఆసిడ్లో మళ్ళీ మళ్ళీ కడగడం, రసాయనాలు కొన్నవి కొన్నట్టు వాడకుండా మళ్ళీ శుద్ధి చేయడం, ఒళ్ళంతా కప్పుకుని లోపలికెళ్ళడం. మన మడి వంటగదే నయం! 1953లో అరిజోనాలో పడ్డ కాన్యన్ డయాబ్లో ఉల్క ముక్కలోంచి తీసిన సీసాన్ని ఆర్గాన్ ల్యాబుకి పట్టుకెళ్ళి, అక్కడి మాస్ స్పెక్ట్రోమీటర్లో కొలిచాడు. 1956లో తుది లెక్క అచ్చయింది. భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలు, ఓ 7 కోట్లు అటూ ఇటూ. ఈ రోజుకీ ఆ అంకె పెద్దగా మారలేదు.

ఇంకొకడైతే ఈ ఒక్క పేపరు పేరు చెప్పుకుని జీవితాంతం కాలు మీద కాలేసుకుని బతికేవాడు. ఈయనకి మాత్రం ఆ పాత ప్రశ్న దురదలా ఉండిపోయింది. ల్యాబులో అంత సీసం ఎక్కడిది?

దీనికి ఇంకో ముప్పై ఏళ్ళు వెనక్కెళ్ళాలి. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీ, టెట్రాఇథైల్ లెడ్ అనే ద్రవం కాస్త పెట్రోల్లో కలిపితే ఇంజను కొట్టుకోవడం ఆగుతుందని కనిపెట్టాడు. 1923లో అమ్మకం మొదలైంది. సీసం విషమని రోమన్ల కాలం నుంచీ తెలుసు కాబట్టి సరుకు పేరులో ఆ మాట రానీయకుండా 'ఇథైల్' అని పెట్టారు. 1924 అక్టోబరులో బేవే రిఫైనరీలో దాన్ని తయారుచేసే పనివాళ్ళు మతి తప్పి, గాల్లో లేని పురుగుల్ని పట్టుకోబోతూ, ఐదుగురు చనిపోయారు. (ఆ బేవే ఎక్కడో కాదు, మా టర్న్‌పైక్ పక్కనే. నేను ఆఫీసుకెళ్తూ రోజూ ఆ గొట్టాలు చూస్తాను. ఈ కథ చదివేదాకా నాకది జీపీఎస్‌లో ఒక మలుపు మాత్రమే.) మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి "ఏం కాదు" అన్నాడు. అంతకుముందు ఏడాదే ఆయన సీసం ఒంటికి పట్టి కొన్ని వారాలు విశ్రాంతి తీసుకున్నాడన్నది వేరే సంగతి.

మిడ్జ్‌లీ కన్నా నాకు ఆసక్తిగా అనిపించే మనిషి డాక్టర్ రాబర్ట్ కెహో. ఇథైల్ కంపెనీ వైద్య సలహాదారు. ఆయన ప్లాంటులో ఆ ద్రవంతో పనిచేసేవాళ్ళనీ, చేయనివాళ్ళనీ పరీక్షించాడు. ఇద్దరి ఒంట్లోనూ సీసం కనిపించింది. "చూశారా, సీసం అందరిలోనూ ఉంటుంది, అది సహజం" అన్నాడు. పోల్చడానికి తెచ్చిన రెండో గుంపు కూడా అదే ప్లాంటులో, అదే గాలి పీలుస్తూ పనిచేస్తున్నవాళ్ళని గమనించరేం? ఆ వాదన నలభై ఏళ్ళు నిలబడింది. రక్తంలో డెసీలీటరుకి 80 మైక్రోగ్రాములు దాటితేనే విషం అని ఆయన చెప్పిన గీత పుస్తకాల్లోకి ఎక్కింది.

పాటర్సన్ సముద్రానికెళ్ళాడు. త్సైహ్వా చౌతో కలిసి అడుగున పేరుకున్న బురదలో సీసాన్ని లెక్కపెట్టాడు. సముద్రం నీళ్ళు లోతుల వారీగా తీస్తే, పాతనీరు ఉండే అడుగున తక్కువ, కొత్తగా గాల్లోంచి పడేది చేరే పైపొరలో చాలా ఎక్కువ. అంటే ఇది ఈ మధ్య వచ్చింది. 1965లో అసలు వాదన అచ్చేశాడు: మామూలుగా కనిపించేది, సహజమైనది ఒకటి కావు. అందరికీ ఒకే జబ్బు ఉంటే అది ఆరోగ్యంలా కనిపిస్తుంది, అంతే. 1969లో మురొజుమి, చౌలతో కలిసి గ్రీన్‌లాండ్ మంచు లెక్క బయటపెట్టాడు. క్రీస్తు పూర్వం 800 నాటి మంచుతో పోలిస్తే 1965 నాటి మంచులో సీసం 200 రెట్లకు పైగా ఎక్కువ.

ఫలితం? ఆయన పరిశోధనకి డబ్బులిచ్చే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. 1971లో గాల్లో సీసం గురించి జాతీయ పరిశోధన మండలి కమిటీ వేస్తే, ఆ విషయంలో అందరికన్నా ఎక్కువ తెలిసిన ఈయనకి అందులో చోటు లేదు. ఆయన కూడా మెత్తటి మనిషేం కాదు, ఎదుటివాళ్ళ కొలతలు చెత్త అని మొహమ్మీదే చెప్పేవాడట.

చెత్త అన్నమాట నిజమే మరి. 1980లో డొరొతీ సెటిల్‌తో కలిసి ట్యూనా చేపని కొలిచాడు. తాజా చేప కండలో గ్రాముకి 0.3 నానోగ్రాముల సీసం. ప్రభుత్వ ల్యాబు అదే తాజా చేపకి చెప్పిన అంకె 400! సీసంతో టంకం వేసిన డబ్బాలో చేపకి పాటర్సన్ కొలత 1400. ప్రభుత్వం వారి లెక్క ప్రకారం డబ్బాలో పెడితే రెండు రెట్లు కూడా పెరగలేదు, అదేమంత ఘోరం కాదు. నిజానికి పెరిగింది నాలుగువేల రెట్లకు పైన. వాళ్ళ ల్యాబే సీసంతో నిండిపోయి ఉంటే తేడా ఎలా కనపడుతుంది?

1970ల మధ్య నుంచి అమెరికాలో పెట్రోల్లో సీసం తగ్గుతూ వచ్చింది. అందులో సైన్సు ఎంతో, కెటలిటిక్ కన్వర్టర్ని సీసం పాడుచేస్తుందన్న కారణం కూడా అంతే. 1976-80లో అమెరికన్ల రక్తంలో సగటున 12.8 ఉన్న సీసం 1988-91 నాటికి 2.8కి పడిపోయింది. రోడ్డు మీద తిరిగే బండ్లకి పూర్తి నిషేధం 1996 జనవరి 1న వచ్చింది. పాటర్సన్ 1995 డిసెంబరు 5న పోయాడు. ఇరవై ఏడు రోజులు.

మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి. లెక్కేసుకుంటే, నేను నాన్న చేతక్ స్కూటరు మీద ముందు నిలబడి, బందరు రోడ్డు పొగంతా మొహాన కొట్టించుకుంటూ బడికెళ్ళిన ఏళ్ళన్నీ సీసం ఏళ్ళే. అప్పుడు నాకెవరూ రక్తపరీక్ష చేయలేదు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపింది. పెట్రోలు పోయినా సీసం మట్టిలోంచి ఎక్కడికీ పోదు. హైదరాబాదు కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం మోతాదుకి మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు కొలిచి చెప్పారు కూడా.

పాప రిపోర్టు వచ్చింది. 2.1. ఇప్పుడు ఇక్కడ పట్టించుకోవాల్సిన గీత 3.5. డాక్టరమ్మ "పర్లేదు, రెండేళ్ళకి మళ్ళీ చూద్దాం" అంది. కెహో గారి 80తో పోలిస్తే సున్నా కిందే లెక్క. పాటర్సన్ అయితే ఆ 2.1 ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేవాడు.

కొట్లో కొన్న కాటుక డబ్బా, వంటింట్లో పసుపు రెండు చెంచాలు, ఒక ల్యాబుకి పోస్టులో పంపాను. అమ్మ కాటుక కూడా విడిగా కాస్త పంపాను. ఆ సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.