ఉడుకునీరును మంచునీరును

దాంపత్యమున భేదము పుట్టుటకు మతమో, ధనమో, బంధువర్గమో కారణము కావలెనని సామాన్యముగా తలంతుము. కాని యొక గిన్నెడు నీరును చాలును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో చీనాదేశమున పెరిగినవారును అమెరికాలో పెరిగినవారును పెండ్లాడి కాపురము పెట్టిన గృహములను చూచిన ఈ మాట యెంత నిజమో తెలియును. భోజనమునకు కూర్చుండగనే ఒకరు గాజుపాత్రను సగము మంచుగడ్డలతో నింపి దానిపై నీరు పోసికొందురు. రెండవవారు థర్మాసుకూజా మూత తీసి ఆవిరి లేచుచున్న నీటిని చిన్నగిన్నెలో పోసికొందురు. ఇద్దరును ఆరోగ్యముగా నున్నంతవరకు ఇది పరిహాసమునకు విషయము. జలుబు చేసినప్పుడో, కడుపునొప్పి వచ్చినప్పుడో, ముఖ్యముగా ప్రసవమైనప్పుడో ఇదియే వివాదమగును. "ఉడుకునీరు త్రాగుము" అనుట చీనాగృహములలో ప్రేమవచనము. అమెరికాలో పెరిగినవానికి అది మందడిగిన రోగికి వట్టినీరు చూపినట్లు తోచును. మంచునీరు ముందుంచుట అమెరికావారికి అతిథిమర్యాద. చీనాగృహపు పెద్దలకు అది అజాగ్రత్త.

ఇందెవరిది మూఢాచారము, ఎవరిది శాస్త్రసమ్మతము అని సంస్కారప్రియులైనవారు వెంటనే ప్రశ్నింతురు. రెండాచారముల చరిత్రను విచారించిన పిమ్మట ఆ ప్రశ్నయే మారిపోవును. ఇవి రెండును ఒకప్పుడు సంస్కారములే.

చీనావారి ప్రాచీనవైద్యము సమస్తమును యిన్, యాంగ్ అను రెండు తత్త్వములుగా విభజించును. శైత్యము యిన్, ఉష్ణము యాంగ్. హాన్ వంశము అస్తమించుచున్న కాలమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దారంభప్రాంతమున, జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యుడు శీతముచే కలుగు వ్యాధులనుగూర్చి వ్రాసిన గ్రంథము నేటికిని ఆ వైద్యులకు ప్రమాణము. జీర్ణాశయమును పొయ్యిమీది కుండవలె భావించి, దానిలో చన్నీరు పోసిన నిప్పు చల్లారునని వారు చెప్పుదురు. జఠరాగ్ని యను మాట నెఱిగిన మన చదువరులకు ఈ భావము క్రొత్త కాదు. ఎనిమిదవ శతాబ్దమున లూ యూ తేయాకును గూర్చి ప్రత్యేకగ్రంథము రచించునాటికి తేనీరు ఆ దేశమున ప్రబలియుండెను. తేనీటికి కాగిననీరు కావలెను గనుక, శుభ్రత యను ఉద్దేశము లేకున్నను, శుభ్రమైన నీరే జనుల కడుపులో పడుచుండెను.

ఐనను చీనావారు సృష్ట్యాది నుండియు ఉడుకునీరు తప్ప మఱియొకటి త్రాగలేదనుకొనుట సరికాదు. రాజ్యాంగమును వర్ణించు 'జౌ లీ' యను ప్రాచీనగ్రంథమున మంచును భద్రపఱచు ఉద్యోగులు పేర్కొనబడిరి. సుంగ్ వంశపు రాజధానియైన కైఫెంగ్ వైభవమును స్మరించుచు 1147లో ముగింపబడిన యొక గ్రంథమున, వేసవికాలమున ఆ వీథులలో మంచుతో చల్లబఱచిన పదార్థములు అమ్ముచుండిరని యున్నది. వంటచెఱకు ప్రియమైన పట్టణములలో పేదవారికి ప్రతిదినము నీరు కాచుకొనుటయు కష్టమే. అందుచేతనే షాంఘై మొదలగు నగరములలో 'పులిపొయ్యి' అను పేరుగల అంగళ్లు వెలసి, కాగిననీటిని కొలిచి అమ్ముచుండెను.

ఈ యలవాటును దేశవ్యాప్తము చేసినది ఇరువదవ శతాబ్దపు ప్రజారోగ్యోద్యమము. 1934 ఫిబ్రవరిలో చియాంగ్ కైషెక్ నాన్‌చాంగ్ నగరమున నవజీవనోద్యమమును ప్రారంభించి శుచిని, క్రమశిక్షణను బోధించినప్పుడు కాచిననీరు త్రాగుటయు ఆ బోధలలో చేరెను. అతని ప్రభుత్వమును కూలద్రోసిన కమ్యూనిస్టులు 1952లో సాగించిన ఆరోగ్యోద్యమమున ఇదే బోధను మఱింత బలముగా చేసిరి. పరస్పరశత్రువులైన రెండు ప్రభుత్వములు ఏకీభవించిన విషయములలో ఇది యొకటి! పాఠశాలలలో, కర్మాగారములలో, కార్యాలయములలో నీరు కాచు యంత్రములు నెలకొల్పబడెను. ఎఱ్ఱని థర్మాసుకూజాల జంట పెండ్లికానుక యయ్యెను. రైలుబండ్లలో నేటికిని ప్రయాణికులకు ఉడుకునీరు దొరకును. కలరా, టైఫాయిడు, విరేచనములు ఏటేట బిడ్డలను హరించుచుండిన దేశమున ఈ యలవాటు ఎందఱు తల్లుల కడుపుచిచ్చును ఆర్పినదో చెప్పనలవి కాదు.

ఇక అమెరికావారి మంచునీటి చరిత్ర. బోస్టను నగరవాసియగు ఫ్రెడరిక్ ట్యూడరు 1806లో మంచుగడ్డలను ఓడ కెక్కించి మార్టినీకు ద్వీపమునకు పంపినప్పుడు జనులు నవ్విరి. అతడు అప్పులపాలయ్యెను, చెఱసాలకును పోయెను, కాని పట్టు విడువలేదు. 1825 ప్రాంతమున నెథానియల్ వైయెత్ గుఱ్ఱములు లాగు మంచుకోత సాధనమును కల్పించిన తరువాత పని చౌకయయ్యెను. 1833లో బోస్టనునుండి నాలుగు నెలలు ప్రయాణము చేసి మంచు కలకత్తా చేరెను. చెన్నపట్టణపు సముద్రతీరమున 1842లో మంచును నిలువచేయుటకు కట్టిన మేడయే, 1897లో వివేకానందస్వామి కొన్ని దినములు విడిది చేయుటచేత నేడు వారి పేర వెలయుచున్నది. మసాచుసెట్సు చెఱువుల నీరు ఈ విధముగా తెలుగువారు మెలగిన పట్టణమునకును వచ్చినది. కోసినవానికిని దొరలకును మాత్రమే యనుకొన్న మంచు, అమెరికాలో కొలది దశాబ్దములలో సామాన్యుని యింటికి దిగెను.

దీనికి మద్యపాననిషేధోద్యమము తోడయ్యెను. సారాయంగడికి పోవువానికి బదులుగా ఏమి చూపవలెను? వీథిమొగలలో ధర్మార్థముగా చల్లని నీటి ధారాయంత్రములను కట్టించి ఆ సంస్కర్తలు సమాధానము చెప్పిరి. మన చలివేంద్రములకు అవి చుట్టములు. మంచునీటిగ్లాసు నీతికిని గృహసౌఖ్యమునకును చిహ్నమయ్యెను. నీటిని గడ్డకట్టించినంతమాత్రమున రోగబీజములు చావవు. మలినమైన నదులనుండి కోసిన మంచు టైఫాయిడును వ్యాపింపజేసిన సందర్భములును ఉన్నవి. కాని 1908లో న్యూజెర్సీ రాష్ట్రపు జెర్సీ నగరము తన నీటికి ఎడతెగక క్లోరినుద్రవ్యమును కలుపుట ఆరంభించెను, ఇతరనగరములు అనుసరించెను. కుళాయినీటిని కాచకయే నమ్మవచ్చునను ధైర్యము అట్లు కలిగినది.

కావున రెండు దేశములును ఎదుర్కొన్న శత్రువు మలినజలమే. చీనావారు నీటిని శుద్ధిచేయు పనిని ప్రతి యింటి పొయ్యికి అప్పగించిరి. అమెరికావారు పురపాలకసంఘమునకు అప్పగించిరి. భార్యాభర్తలు భోజనపుబల్లయొద్ద వాదులాడునప్పుడు వారికి తెలియకయే ఈ రెండు సంస్కారోద్యమములు వాదులాడుచున్నవి.

ఈ వాదమునకు అవకాశము కలుగుటయే చిరకాలము దుర్లభమైయుండెను. 1854లో యేల్ విద్యాలయమునుండి పట్టము పొంది, అమెరికా విశ్వవిద్యాలయ పట్టభద్రులైన చీనావారిలో ప్రథముడైన యుంగ్ వింగ్, 1875లో మేరీ కెల్లాగ్ అను అమెరికా వనితను వివాహమాడెను. అతని యత్నముననే 1872 మొదలుకొని 120మంది చీనాబాలురు వచ్చి న్యూ ఇంగ్లండు గృహములలో నివసించి చదువుకొనిరి. కాని అంతలో గాలి మారెను. 1880లో కాలిఫోర్నియా శాసనసభ తెల్లవారికిని మంగోల్ జాతివారికిని వివాహపు అనుమతిపత్రమునిచ్చుట నిషేధించెను. 1882లో చీనా కూలివాండ్ర రాకను దేశమంతట నిషేధించిరి. 1907నాటి శాసనముచే విదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వమునే కోల్పోవుచుండెను. 1922లో దానిని సడలించినను, పౌరసత్వమునకు అనర్హుడైన విదేశీయుని, అనగా చీనావాని వంటివానిని, చేపట్టిన స్త్రీకి 1931వరకు విముక్తి లేకపోయెను. చీనాబహిష్కారము 1943లో రద్దయ్యెను. కాలిఫోర్నియా న్యాయస్థానము 1948లోను, దేశపు అత్యున్నతన్యాయస్థానము 1967లోను వర్ణాంతరవివాహనిషేధములను కొట్టివేసినవి. ఇద్దరు కలిసి నీరు త్రాగుటకు ఇంతకాలము పట్టినప్పుడు, ఏ నీరు త్రాగవలెనను తగవు కొంత సుకృతఫలమే యనవలెను.

ఎదురుదిక్కున ప్రయాణించిన దంపతులును కలరు. టెన్నెసీ రాష్ట్రపు గ్రేస్ డివైన్ 1932లో చీనాదేశీయుడైన ఇంజనీయరు లియూను వివాహమాడి, 1934లో తియెన్‌జిన్ నగరమునకు కాపురమునకు వెళ్లెను. ఆ భర్తయొక్క వృత్తి నగరమునకు నీరు సరఫరా చేయుటయే! 1955లో భర్త మరణించిన తరువాతను ఆమె అచ్చటనే యుండి నాన్‌కై విశ్వవిద్యాలయమున ఆంగ్లము బోధించి, 1974లోగాని స్వదేశమునకు మరలలేదు. అత్తవారి దేశమును తన దేశముగా చేసికొనుట మాటలతో ముగియునది కాదు; నాలుకయు, కడుపును సైతము క్రొత్తబడి చేరవలెను.

ఈ భేదము తీవ్రమగునది ప్రసూతిగృహమున. చీనాస్త్రీలు ప్రసవించిన పిమ్మట 'నెల కూర్చుండుట' అను నియమమును పాటింతురు. ఆ నెల దినములు చన్నీరు త్రాగరాదు, చన్నీట చేయి పెట్టరాదు, గాలి తగులరాదు, అల్లపుకషాయము, కోడిరసము, వేడిపానీయములు పుచ్చుకొనవలెను. అమెరికా ఆసుపత్రిలోనో, ప్రసవవేదనలో నోరెండిన స్త్రీకి దాది మంచుతునుకలు ఇచ్చును. ప్రసవమైనవెంటనే మంచునీటిగ్లాసును తెచ్చి చేతికిచ్చును. దానిని చూచిన పుట్టినింటి తల్లి గుండె జల్లుమనును. "ఈ చలువ ఎముకలలో దిగి ముసలితనమున బాధించును" అని ఆమె భయము. "దప్పిగొన్నదానికి నీరు వలదనుట క్రూరత్వము" అని అల్లుని కోపము. నడుమ పడకమీది స్త్రీ తల్లిని కాదనలేదు, భర్తను కాదనలేదు. బాలింతపథ్యమును ఎఱిగిన మన తెలుగుగృహములకు ఈ దృశ్యము పరాయిది కాదు. కుమార్తె ప్రసవమునకై అమెరికాకు పయనమగు మన తల్లులును వాముపొట్లముతో ఇట్టి గదులలోనే అడుగు పెట్టుచున్నారు.

శాస్త్రమేమి చెప్పునని అడుగుట న్యాయము. ఆరోగ్యవంతునికి శుద్ధమైన చన్నీరు హానికరమని రుజువు లేదు. చన్నీటివలన బాలింత ఎముకలు చెడునను మాటకును అట్టి యాధారము లేదు. ఉడుకునీరు సర్వరోగనివారణియు కాదు. పైగా 65 డిగ్రీలకు మించిన వేడిగల పానీయములు అన్నవాహికకు క్యాన్సరు కలిగించుట సంభావ్యమని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2016లో నిర్ణయించినది. ఐతే నీటి శుద్ధిని నమ్మరాని చోట కాచి త్రాగుటకంటె మేలైన యుపాయము సామాన్యగృహస్థునకు లేదు. అచ్చట మంచుగడ్డయే ప్రమాదకరము. జలుబుచేసినవానికి వేడిపానీయము హాయిగొల్పుటయు నిజము. నెల కూర్చుండుట యను నియమములో తల్లికి విశ్రాంతియు, పరిచర్యయు దొరకుచున్నవి. ప్రసవించిన కొలదిదినములకే స్త్రీలు ఉద్యోగమునకు మరలవలసివచ్చు దేశమునకు ఇది నేర్వదగిన పాఠము. చన్నీటి భయమును విడిచి, ఆ విశ్రాంతిని నిలుపుకొనుట వివేకము.

ఆచారములు మారవను వాదమునకును ఇచ్చట తావు లేదు. నేటి చీనాయువజనులు మంచుగడ్డలు వేసిన పాలతేనీటి అంగళ్లయొద్ద బారులు తీరుచున్నారు. అమెరికావారు ఉదయమున పొగలు గ్రక్కు కాఫీ లేక కదలరు. "ఉడుకునీరు త్రాగుము" అను ప్రేమవచనమే, భార్య బాధను తీరికగా వినని భర్త యిచ్చు పొడిసమాధానమని చీనావనితలు ఎగతాళి చేయుచున్నారు. కారణమును మఱచి మాటను మాత్రము పట్టుకొన్న ఆచారమున కిదియే గతి.

సంస్కారాభిలాషులు దీనినుండి గ్రహింపవలసినది కలదు. నిన్నటి సంస్కారము నేటి ఆచారమై, రేపు మూఢవిశ్వాసము కావచ్చును. కావున పరుల ఆచారమును చూచినప్పుడు, అది ఏ భయమునుండి, ఏ హితబుద్ధినుండి పుట్టినదో విచారించి, ఆ కారణ మింకను ఉన్నదేమో చూచి, పిమ్మట విడుచుటయో నిలుపుటయో నిర్ణయింపవలెను. నిర్ణయమును గృహమున బలవంతులు చేయరాదు. పడకమీది స్త్రీకి దప్పి యైనప్పుడు ఆమెకేమి కావలెనో ఆమెనే అడుగవలెను; కూజాయు, గ్లాసును రెండును అందుబాటున నుంచి, ఆమె కోరినదానిని ప్రేమతో అందించిన తల్లియు భర్తయు తమ తమ దేశముల మర్యాదను చక్కగా నిలుపుకొన్నవారగుదురు.