దాగిన నీరు - పొరుగువాని హక్కు

హిజ్రీ 1359 (క్రీ.శ. 1940)లో హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా ఒక అరబీ గ్రంథాన్ని అచ్చువేసింది. దాని పేరు 'ఇన్బాతుల్ మియాహిల్ ఖఫియ్యా'. అనగా దాగి ఉన్న జలాలను వెలికితీయడం. గ్రంథకర్త అబూ బక్ర్ ముహమ్మద్ అల్-కరజీ. బీజగణితంలో ఆయన కృషి సుప్రసిద్ధం. బాగ్దాదులో గణితవేత్తగా పేరు గడించిన ఆయన, తరువాత ఇరాన్ పర్వత ప్రాంతానికి వెళ్ళి, సుమారు క్రీ.శ. 1017లో ఈ గ్రంథం రచించాడు.

ఊటలకు, నదులకు నీరు ఎక్కడినుండి వస్తుంది? ప్రాచీనులను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. సముద్రజలమే భూగర్భ మార్గాలగుండా కొండలకు చేరుతుందని కొందరు తలచారు. నేల లోపలి చలువకు ఆవిరి నీరుగా మారుతుందని అరిస్టాటిల్ భావించాడు. కరజీ దృష్టి వాన మీద, మంచు మీద నిలిచింది. కొండలపై కురిసినది నేలలో ఇంకి, పల్లానికి సాగి, ఊటలుగా పైకి వస్తుందని ఆయన గ్రహించాడు. ఆకాశజలానికీ, భూమిలోని ఊటలకూ గల సంబంధాన్ని దివ్యఖుర్ఆన్ అజ్జుమర్ సూరా 21వ ఆయత్ గుర్తుచేస్తున్నది.

అయితే ఇక్కడ అతిశయోక్తికి తావివ్వరాదు. వాన నీరు నదికి చాలునా అన్నది కొలతతో తేల్చింది ఫ్రెంచివాడైన పియెర్ పెరో. సేన్ నది ఎగువ పరివాహక ప్రాంతంలో కురిసే వాన, నదిలో పారే నీటికి సుమారు ఆరు రెట్లని ఆయన 1674లో లెక్కకట్టాడు. కరజీ ఘనత మరొకచోట ఉంది. ఆయన ఈ జ్ఞానాన్ని ఖనాత్ తవ్వే పనివాని చేతికి అందించాడు.

ఖనాత్ అంటే కొండ దిగువన నీటిపొరను తాకే తల్లిబావి నుండి పొలాల వరకు, స్వల్పమైన వాలుతో తవ్విన సొరంగం. మోటతో పని లేకుండానే నీరు తనంతట తాను పారుతుంది. వాలు ఎక్కువైతే ప్రవాహం సొరంగాన్ని కోసివేస్తుంది. తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. అందుకే ఆయన మట్టం చూసే పరికరాలను అంత వివరంగా వర్ణించాడు. బహమనీల రాజధాని బీదరులోని కరేజులు ఈ విద్యకు దక్కనులో మిగిలిన సాక్ష్యాలు.

గ్రంథంలో మరొక ముఖ్య విషయం హరీమ్; అంటే ఒక నీటివనరు చుట్టూ మరొకరు తవ్వకూడని హద్దు. హనఫీ ఫిఖ్హ్‌లో పశువులకు నీరు తాపే బావికి 40 మూరలు, ఊటకు 500 మూరలు హద్దుగా చెప్పబడింది. కారణం స్పష్టం. నేలపై గట్టు ఎవరిదైనా, నేలకింద నీరు ఒకటే. నా పొలంలో నా బావి అన్నవాడు పొరుగువాని బావిని ఎండబెట్టవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావిని నిషేధించింది. ఇదీ ఒక హరీమే. చట్టం కంటికి కనబడే దూరాన్ని కొలుస్తుంది. కంటికి కనబడని నీటిలో పొరుగువాని వాటాను కాపాడవలసినది మాత్రం బోరు వేసేవాని దైవభీతి.